సున్నాలను లెక్కపెట్టే కొలబద్ద
(సంవర్గమాన స్కేలు – అన్ని శాస్త్రాలకూ పనికొచ్చే ఒక పాఠం)

– ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ప్రస్తుతం భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు అడిగారు. కథ రాయాలా, కవిత రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. రెండూ నాకు చేతకావని తేలింది. నాకు వచ్చిందల్లా బోర్డు మీద పాఠం చెప్పడమే. అందుకే ఒక పాఠమే రాస్తున్నాను. పదో తరగతిలోనో, ఇంటర్లోనో ‘సంవర్గమానాలు’ అనే మాట మీకు ఎదురవుతుంది. దాన్నే లాగరిథమ్ అంటాం, పొట్టిగా లాగ్ అంటాం. చాలామంది దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి, పరీక్ష అయ్యాక వదిలేస్తారు. నేనూ అలాగే వదిలేశాను. దానివల్ల ఏమైందో ముందు చెప్పి, తర్వాత పాఠంలోకి వెళతాను.

ముందుగా నా తప్పు

మా ఇంట్లో ఇద్దరం. మా అన్నయ్య పది పాసై చదువు మానేశాడు. ఇద్దర్నీ చదివించే స్తోమత ఇంట్లో లేదు. “తమ్ముడు చదువుకుంటాడులే” అని తను గ్రానైట్ రాళ్ళు కోసే ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. నేను ఈ హాస్టల్లో పది పూర్తిచేసి, కాలేజీ హాస్టల్లో చేరి ఇంటర్ ఎం.పి.సి. చదువుతున్నాను. లాగ్ టేబుల్ పుస్తకం ఒక్కటే ఉంటే నలుగురం పంచుకునేవాళ్ళం. లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 3 అంటే 0.4771 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

ఆ ఏడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళితే అన్నయ్య ఒక సంగతి అడిగాడు. వాళ్ళ ఫ్యాక్టరీకి ఎవరో శబ్దం కొలిచే మీటరు పట్టుకొని వచ్చారట. పాలిష్ చేసే షెడ్డులో 85 అని చూపించిందట. రాయి కోసే పెద్ద రంపం దగ్గర 97 అని చూపించిందట. రంపం దగ్గర పనిచేస్తే రోజుకు కొంచెం కూలి ఎక్కువ. “ఒరే తమ్ముడూ, నువ్వు చదువుకున్నోడివి గదా, ఆ రెండంకెలకు తేడా ఎంత ఉంటదిరా? రంపం కాడికి మారమంటారా, వద్దంటారా?” అని అడిగాడు.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. 97 లోంచి 85 తీసేస్తే 12. “పన్నెండే కదన్నయ్యా, ఏముంది? పెద్ద తేడా లేదు” అన్నాను. అన్నయ్య రంపం దగ్గరికి మారాడు. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా ఆరేళ్ళు పనిచేశాడు. ఇప్పుడు అన్నయ్యకు ఎడమ చెవి సరిగా వినపడదు. ఫోను కుడి చెవి దగ్గరే పెట్టుకుంటాడు. పెళ్ళిళ్ళలో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఏమీ అర్థంకాక నవ్వుతూ కూర్చుంటాడు.

85కూ 97కూ తేడా పన్నెండు కాదు. పదహారు రెట్లు. ఆ సంగతి నా చేతిలో ఉన్న లాగ్ టేబుల్లోనే ఉంది. నేను బట్టీపట్టిన 0.3010 లోనే ఉంది. నాకు అంకె తెలుసు, దాని అర్థం తెలియదు. మీకు అలా జరగకూడదనే ఈ పాఠం.

సంవర్గమానం అంటే ఏమిటి?

10 × 10 = 100. అంటే 10² = 100. పదిని రెండుసార్లు గుణిస్తే వంద వచ్చింది. ఇప్పుడు ప్రశ్నను తిరగేద్దాం. వంద రావాలంటే పదిని ఎన్నిసార్లు గుణించాలి? రెండుసార్లు. ఆ ‘రెండు’నే 100కు సంవర్గమానం అంటాం. లాగ్ 100 = 2 అని రాస్తాం. ఇక్కడ ఆధారం 10.

అదే విధంగా లాగ్ 1,000 = 3. లాగ్ 10,000 = 4. లాగ్ 1,00,000 = 5. ఇందులో ఏం కనిపిస్తోంది? ఒకటి పక్కన ఎన్ని సున్నాలున్నాయో అదే దాని సంవర్గమానం. అంటే సంవర్గమానం సున్నాలను లెక్కపెడుతోంది. లాగ్ 10 = 1, లాగ్ 1 = 0. ఇంకా కిందికి దిగితే, పదో వంతుకు –1, వందో వంతుకు –2.

మరి మధ్యలో ఉన్న సంఖ్యల మాటేమిటి? 2 అనేది 1కీ 10కీ మధ్య ఉంది. కాబట్టి దాని సంవర్గమానం 0కూ 1కీ మధ్య ఉండాలి. అదే 0.3010. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఈ పాఠంలో ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. లాగ్ స్కేలు మీద 1 పెరిగితే అసలు రాశి పది రెట్లు అయినట్టు. 0.3 పెరిగితే రెట్టింపు అయినట్టు.

ఇంకొక ముఖ్యమైన గుణం ఉంది. లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771. ఈ రెండూ కూడితే 0.7781. టేబుల్లో చూస్తే లాగ్ 6 దాదాపు అంతే. అంటే 2ను 3తో గుణించే బదులు వాటి లాగ్‌లను కూడితే సరిపోయింది. గుణకారం కూడికగా మారింది. భాగహారం తీసివేతగా మారుతుంది. సంవర్గమానాల ప్రాణం ఇక్కడే ఉంది.

ఈ ఆలోచన ఎవరిది?

స్కాట్లాండుకు చెందిన జాన్ నేపియర్ అనే ఆయన దాదాపు 20 ఏళ్ళు కష్టపడి 1614లో సంవర్గమానాల మీద పుస్తకం ప్రచురించాడు. ఆ రోజుల్లో నక్షత్రాల లెక్కలు, ఓడ ప్రయాణాల లెక్కలు చేసేవాళ్ళు పెద్ద పెద్ద సంఖ్యలను చేత్తో గుణించలేక అలసిపోయేవారు. వాళ్ళ శ్రమ తగ్గించడమే నేపియర్ ఉద్దేశం. లండన్‌లో లెక్కల ఆచార్యుడైన హెన్రీ బ్రిగ్స్ ఆ పుస్తకం చదివి, 1615లో ఎడిన్‌బరో దాకా ప్రయాణం చేసి నేపియర్‌ను కలిశాడు. 10ని ఆధారంగా తీసుకుంటే లెక్క ఇంకా తేలికవుతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. 1617లో బ్రిగ్స్ 1 నుంచి 1,000 వరకు సంఖ్యలకు సంవర్గమానాలను 14 దశాంశ స్థానాల దాకా అచ్చువేయించాడు. మనం ఇంటర్లో వాడే లాగ్ టేబుల్ ఆ వంశంలోదే.

ఇప్పుడు కాలిక్యులేటర్లు వచ్చాయి. గుణించడానికి లాగ్ టేబుల్ అవసరం తగ్గింది. అయినా సంవర్గమానం మూలపడలేదు. లెక్క చేసే పనిముట్టుగా పుట్టి, కొలిచే కొలబద్దగా స్థిరపడింది. అది ఎలాగో చూద్దాం.

మామూలు స్కేలు ఎక్కడ చాలదు?

మన జామెట్రీ బాక్సులోని స్కేలు మీద ఒక్కో గీతకు ఒక్కో మిల్లీమీటరు. ఒక్కో అడుగుకు సమానంగా కూడుతూ పోతాం. బల్ల పొడవు కొలవడానికి అది చాలు. కానీ ప్రకృతిలో కొన్ని రాశులు చాలా చిన్నవాటి నుంచి చాలా పెద్దవాటి దాకా పాకి ఉంటాయి.

ధ్వనినే తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న చెవికి వినపడే అతి సన్నని ధ్వని తీవ్రత చదరపు మీటరుకు 10⁻¹² వాట్లు. చెవి నొప్పి పుట్టించే ధ్వని తీవ్రత దాదాపు 1 వాట్. రెండింటికీ మధ్య లక్ష కోట్ల రెట్లు తేడా ఉంది. ఒకటి పక్కన 12 సున్నాలు! దీన్ని మామూలు స్కేలు మీద గీద్దామనుకోండి. అతి సన్నని ధ్వనికి ఒక మిల్లీమీటరు గీత గీస్తే, పెద్ద ధ్వనికి 10 లక్షల కిలోమీటర్ల గీత గీయాలి. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మన గీత చంద్రుణ్ణి దాటి ఇంకా చాలా దూరం పోతుంది. అదే సున్నాలను లెక్కపెట్టి గీస్తే 12 గడులు చాలు. నోటుబుక్కులో ఒక పేజీ మీద పట్టేస్తుంది.

చెవికి, డెసిబెల్‌కు ఉన్న సంబంధం

ఈ 12 గడుల్లో ఒక్కో గడికి ‘బెల్’ అని పేరు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు మీద 1920లలో అమెరికా టెలిఫోన్ ఇంజనీర్లు పెట్టిన పేరు ఇది. బెల్ మరీ పెద్ద గడి కనుక దాన్ని పది భాగాలు చేశారు. ఒక్కో భాగం ఒక డెసిబెల్. సూత్రం ఇది:

డెసిబెల్స్ = 10 × లాగ్ (ధ్వని తీవ్రత ÷ 10⁻¹²)

సుమారు విలువలు చూడండి.

వినపడీ వినపడని ధ్వని – 0
గుసగుస – 30
మామూలు సంభాషణ – 60
రద్దీ రోడ్డు – 80
దగ్గరగా నిలబడితే పెద్ద స్పీకర్లు – 100 పైన
చెవి నొప్పి – 120 నుంచి 130

ఇప్పుడు రహస్యం చెబుతాను. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లు. లాగ్ 2 = 0.3010 కాబట్టి, దాన్ని 10తో గుణిస్తే 3. అంటే 3 డెసిబెల్స్ పెరిగితే రెట్టింపు. మా అన్నయ్య లెక్క చేద్దాం. 97 – 85 = 12. పన్నెండులో నాలుగు మూళ్ళు ఉన్నాయి. అంటే నాలుగుసార్లు రెట్టింపు. 2 × 2 × 2 × 2 = 16. రంపం దగ్గర చెవిలో పడే శక్తి పదహారు రెట్లు!

అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ చేసిన సిఫారసు ఈ లెక్క మీదే నిలబడింది. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు. 91 అయితే 2 గంటలు. 94 అయితే గంట. 97 అయితే అరగంట. మా అన్నయ్య అరగంట ఉండాల్సిన చోట రోజుకు ఎనిమిది గంటలు ఉన్నాడు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలుంటాయి. మనిషిలో అవి ఒకసారి చనిపోతే మళ్ళీ పుట్టవు.

“అంత ఎక్కువైతే చెవికే తెలియాలి కదా సార్!” అని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. చెవి కూడా దాదాపు లాగ్ పద్ధతిలోనే వింటుంది. ధ్వని తీవ్రత పది రెట్లయితే మనకు సుమారు రెట్టింపు గట్టిగా మాత్రమే అనిపిస్తుంది. కంటికీ అంతే. కరెంటు పోయినప్పుడు గదిలో ఒక కొవ్వొత్తి పక్కన రెండోది వెలిగిస్తే వెలుగు బాగా పెరిగినట్టు ఉంటుంది. వంద కొవ్వొత్తులు వెలుగుతున్న చోట ఇంకొకటి వెలిగిస్తే ఎవరూ గమనించరు. మన ఇంద్రియాలు ఎంత పెరిగింది అని కాకుండా ఎన్నో వంతు పెరిగింది అని చూస్తాయి. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన వెబర్, ఫెక్నర్ అనే శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని నియమంగా చెప్పారు. ఈ గుణం వల్లే మనం గుసగుసనూ, ఉరుమునూ ఒకే చెవితో వినగలుగుతున్నాం. కానీ అదే గుణం ప్రమాదాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. అందుకే చెవిని నమ్మకుండా మీటరును నమ్మాలి, మీటరు అంకెను సరిగా చదవాలి.

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఇక్కడ రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. 55కూ 45కూ తేడా పదే కదా అనుకోకండి. రాత్రిపూట పదో వంతు శబ్దమే ఉండాలని దాని అర్థం.

నక్షత్రాల నుంచి మద్రాసు దాకా

లాగ్ అనే మాట పుట్టకముందే మనుషులు తెలియకుండా ఈ స్కేలును వాడారు. రెండు వేల ఏళ్ళ కిందట గ్రీకు ఖగోళ శాస్త్రజ్ఞులు కంటికి కనిపించే నక్షత్రాలను ఆరు తరగతులుగా విడదీశారు. బాగా ప్రకాశించేవి మొదటి తరగతి. కనిపించీ కనిపించనివి ఆరో తరగతి. కంటితో చూసి చేసిన విభజన కనుక అది లాగ్ స్కేలుకు దగ్గరగా వచ్చింది.

1856లో నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీనికి కచ్చితమైన లెక్క కట్టాడు. ఐదు తరగతుల తేడా ఉంటే కాంతి సరిగ్గా 100 రెట్లు ఉండాలన్నాడు. అంటే ఒక్కో తరగతికి 2.512 రెట్లు. దాన్ని ఐదుసార్లు గుణిస్తే 100 వస్తుంది. ఈ పాగ్సన్ 1861లో మద్రాసు నక్షత్రశాలకు ప్రభుత్వ ఖగోళ శాస్త్రజ్ఞుడిగా వచ్చి, 1891లో మరణించేదాకా అక్కడే పనిచేశాడు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చర నక్షత్రాన్ని, అనగా కాంతి పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాన్ని కనుగొన్నాడు.

ఈ స్కేలులో అంకె తగ్గితే కాంతి ఎక్కువ. పౌర్ణమి చంద్రుడు సుమారు –12.7. సూర్యుడు సుమారు –26.7. తేడా 14. రెట్లలో చూస్తే దాదాపు 4 లక్షలు. నాలుగు లక్షల పౌర్ణమి చంద్రులు కలిస్తే గానీ ఒక సూర్యుడి వెలుగు రాదు.

భూకంపాల లెక్క

1935లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్‌కు ఒక చిక్కు వచ్చింది. భూకంప యంత్రం మీద గీసే అలలు కొన్ని మరీ చిన్నవి, కొన్ని మరీ పెద్దవి. ఒకే కాగితం మీద పట్టడం లేదు. సంవర్గమానం తీసుకొమ్మని తోటి శాస్త్రవేత్త గుటెన్‌బర్గ్ సలహా ఇచ్చాడు. నక్షత్రాలకు వాడే ‘మాగ్నిట్యూడ్’ అనే మాటనే రిక్టర్ భూకంపాలకు అరువు తెచ్చుకున్నాడు. 1979 నుంచి పెద్ద భూకంపాలకు ఇంకా మెరుగైన ‘మొమెంట్ మాగ్నిట్యూడ్’ స్కేలు వచ్చింది. పత్రికల్లో ఇప్పటికీ రిక్టర్ స్కేలు అనే రాస్తుంటారు. అదీ లాగ్ స్కేలే.

ఈ స్కేలు మీద 1 పెరిగితే భూమి ఊగే కొలత 10 రెట్లు. విడుదలయ్యే శక్తి మాత్రం సుమారు 32 రెట్లు. 2 పెరిగితే శక్తి 1,000 రెట్లు.

2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల జనం ఇళ్ళలోంచి బయటికి పరుగెత్తారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చినది 5.7. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో వచ్చినది 6.2. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్‌లో వచ్చినది 7.7. 2004 డిసెంబరు 26న సునామీ తెచ్చిన సుమత్రా భూకంపం 9.1.

ఈ అంకెలను మామూలు కళ్ళతో చూస్తే 5.3కు 9.1 రెట్టింపు కూడా లేదు. లెక్క చేస్తే తేడా 3.8. ఒక్కో మెట్టుకు శక్తి 10^1.5 రెట్లు కనుక, 3.8 × 1.5 = 5.7. పదిని 5.7 ఘాతానికి తీసుకుంటే సుమారు 5 లక్షలు. ములుగులో విడుదలైన శక్తికి సుమత్రాలో ఐదు లక్షల రెట్లు విడుదలైంది. ఆ శక్తికే సముద్రం కదిలి మన కోస్తా తీరం దాకా వచ్చింది.

అయితే ఒక మాట. స్కేలు చెప్పేది శక్తినే, నష్టాన్ని కాదు. లాతూరులో శక్తి భుజ్ కంటే ఎంతో తక్కువ. కానీ తెల్లవారుజామున జనం నిద్రలో ఉండగా, రాళ్ళతో, మట్టితో కట్టిన ఇళ్ళు మీద కూలి దాదాపు పది వేల మంది చనిపోయారు. అంకె ఒకటి చెబుతుంది, ఇంటి గోడ ఇంకొకటి చెబుతుంది. రెండూ చదవాలి.

పొలంలో, రక్తంలో పీహెచ్

1909లో డెన్మార్కులోని కోపెన్‌హాగన్ నగరంలో సోరెన్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త పీహెచ్ స్కేలును ప్రవేశపెట్టాడు. ఆయన పనిచేసిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల ఒక బీరు కంపెనీది. ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు లీటరుకు 10⁻⁷ మోల్‌లు ఉంటే పీహెచ్ 7. అది తటస్థం. 10⁻³ ఉంటే పీహెచ్ 3. అంటే మైనస్ గుర్తు తీసేసి ఘాతాంకాన్ని మాత్రమే రాశారు. అందుకే ఇక్కడ కూడా అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువ. నిమ్మరసం సుమారు 2. పెరుగు సుమారు 4.5. సబ్బునీళ్ళు 9 నుంచి 10. ఒక్కో మెట్టుకు పది రెట్లు.

రైతు కుటుంబాల పిల్లలు దీన్ని జాగ్రత్తగా వినండి. భూసార పరీక్ష కార్డు మీద పీహెచ్ అంకె ఉంటుంది. ఒక చేను 7.5, ఇంకో చేను 9.0 అనుకోండి. తేడా ఒకటిన్నరే. కానీ రెట్లలో సుమారు 32. 8.5 దాటి, మట్టిలో సోడియం ఎక్కువైన నేలను కారుచౌడు అంటారు. నీళ్ళు లోపలికి ఇంకవు, తడిస్తే బురద, ఆరితే రాయి. దానికి జిప్సం వేసి, నీళ్ళు కట్టి, మురుగు బయటికి పోనిస్తే, జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది. పాలచౌడుకు మందు వేరు. అందులో ఉప్పును మంచి నీళ్ళతో కడిగి పంపాలి. కార్డు మీది అంకెను ‘కొంచెమే కదా’ అని వదిలేస్తే ఏటా విత్తనం ఖర్చు మట్టిలో కలుస్తుంది.

మన రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఉండాలి. అది 7.4 నుంచి 7.1కి పడిపోతే తేడా 0.3. మళ్ళీ మన పాత స్నేహితుడే! 0.3 అంటే రెట్టింపు. రక్తంలో హైడ్రోజన్ అయాన్లు రెండింతలైనట్టు. అందుకే డాక్టర్లు అంత చిన్న అంకెకు అంతగా కంగారుపడతారు.

సంగీతంలో, గ్రాఫులో

హార్మోనియం మీద మధ్య స్థాయి ‘స’ నుంచి పై స్థాయి ‘స’కు వెళితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. ఇంకా పై స్థాయికి వెళితే నాలుగు రెట్లు. మెట్లు మాత్రం సమాన దూరంలోనే ఉంటాయి. అంటే హార్మోనియం పెట్టె కూడా ఒక లాగ్ స్కేలే.

2020లో కరోనా వచ్చినప్పుడు పత్రికల్లో, టీవీల్లో కొన్ని గ్రాఫుల నిలువు అక్షం మీద 10, 100, 1,000, 10,000 అని సమాన దూరంలో గుర్తులు పెట్టారు. వాటిని లాగ్ గ్రాఫులంటారు. వాటి మీద తిన్నని గీత పైకి పోతుంటే, కేసులు రోజూ ఒకే సంఖ్యలో కాక ఒకే రెట్లలో పెరుగుతున్నాయని అర్థం. చూడటానికి గీత నెమ్మదిగా కనిపిస్తుంది. అసలు సంగతి నెమ్మది కాదు. ఏ గ్రాఫు చూసినా ముందు అక్షం మీది అంకెలు చూడండి, తర్వాతే గీతను చూడండి.

గుర్తుంచుకోవలసిన జాగ్రత్తలు

1. లాగ్ అంకెలను నేరుగా కూడకూడదు. 90 డెసిబెల్స్ యంత్రాలు రెండు పక్కపక్కన నడిస్తే 180 రాదు. శక్తి రెట్టింపైంది కనుక 93 వస్తుంది.

2. శాతాలు కట్టకూడదు. 85 కంటే 97 వందకు 14 వంతులు ఎక్కువ అనుకుంటే నేను చేసిన తప్పే మీరూ చేసినట్టు.

3. సున్నా అంటే ఏమీ లేదని కాదు. 0 డెసిబెల్స్ అంటే నిశ్శబ్దం కాదు, చెవికి వినపడే మొదటి హద్దు. అసలైన సున్నాకు సంవర్గమానమే లేదు.

4. ఏది ఎన్ని రెట్లు అనేది అడగండి. భూకంపంలో ఒక మెట్టుకు ఊపు 10 రెట్లు, శక్తి 32 రెట్లు. నక్షత్రాల్లో 2.512 రెట్లు. స్కేలును బట్టి మెట్టు మారుతుంది.

మీరే చేసి చూడండి

1) ఒక స్పీకరు 80 డెసిబెల్స్ ఇస్తోంది. అలాంటివి పది పెడితే ఎంత?
2) పీహెచ్ 4 ఉన్న ద్రావణంలో పీహెచ్ 6 దానికంటే హైడ్రోజన్ అయాన్లు ఎన్ని రెట్లు?
3) 4 తీవ్రత భూకంపం కంటే 6 తీవ్రత భూకంపంలో ఊపు ఎన్ని రెట్లు, శక్తి ఎన్ని రెట్లు?
4) పైన చెప్పిన సిఫారసు ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర ఎంతసేపు ఉండవచ్చు?
5) 2ను వందసార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో ఎన్ని అంకెలుంటాయి?

జవాబులు: 1) 90 డెసిబెల్స్. 2) 100 రెట్లు. 3) ఊపు 100 రెట్లు, శక్తి 1,000 రెట్లు. 4) 15 నిమిషాలు. 5) 100 × 0.3010 = 30.10. అంటే 10³⁰ దాటింది కనుక 31 అంకెలు.

చివరిగా

ఐదో లెక్క చూశారా? వంద గుణకారాలు చేయకుండా ఒక్క గుణకారంతో జవాబు వచ్చింది. ఇది నేర్చుకుంటే పరీక్షలో మార్కులు వస్తాయి. మంచిదే. కానీ మార్కులు నాకూ వచ్చాయి. మార్కులొచ్చిన ఏడాదే అన్నయ్యకు తప్పు చెప్పాను.

మనలో చాలామంది ఇంట్లో మొదట చదువుకున్నది మనమే. ఆసుపత్రి చీటీ వచ్చినా, భూసార కార్డు వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా ఇంట్లోవాళ్ళు మన చేతికే ఇస్తారు. మనం ఏం చెబితే అదే నిజమనుకుంటారు. తెలియకపోతే “ఆగు నాన్నా, మా సారును అడిగి చెబుతాను” అనడంలో నామోషీ లేదు. నేను ఆ రోజు ఆ ఒక్క మాట అనలేకపోయాను.

డిగ్రీలో ధ్వని పాఠం చెబుతూ మా లెక్చరర్ బోర్డు మీద ‘3 డెసిబెల్స్ = రెట్టింపు’ అని రాసిన రోజు నేను నోట్సు రాయలేకపోయాను. అప్పటికి అన్నయ్య రంపం దగ్గర మూడో ఏడు. ఆ వారమే ఊరెళ్ళి చెప్పాను. “ఇన్నేళ్ళు చేశాను, ఇప్పుడేమవుతదిలేరా” అన్నాడు. ఒప్పించేసరికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు వేరే పనిలో ఉన్నాడు. పాత తోటి కూలీలకు చెవులకు పెట్టుకునే మఫ్లు కొనిపించాడు. “పన్నెండంటే పదహారు రెట్లంట, మా తమ్ముడు చెప్పాడు” అని వాళ్ళకు వివరిస్తాడట.

తమ్ముళ్ళూ, ఈసారి లాగ్ టేబుల్ తెరిచినప్పుడు 2 ఎదురుగా ఉన్న 0.3010 మీద ఒక్కసారి వేలు పెట్టండి. అది రెట్టింపు అని మనసులో అనుకోండి. ఆ తర్వాత బట్టీ పట్టండి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.